డిప్రెషన్, దాని మందులు: లైంగిక జీవితం, సంతాన సామర్థ్యం

డిప్రెషన్‌కు లోనైనవారిలో నిద్ర, ఆకలి, ఓపికలతో పాటే లైంగికాసక్తి కూడా తగ్గిపోతుంది. ఆ జబ్బుకు వాడే మందుల్లో చాలావాటికి అదే గుణం ఉంది. అందుకే చికిత్స మొదలుపెట్టిన మనిషికి తన ఇబ్బంది జబ్బు వల్ల వచ్చిందో మాత్రల వల్ల వచ్చిందో తేల్చుకోవడం కష్టమవుతుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులకు ఈ చిక్కు మరీ పెద్దది. మందు ఆపితే జబ్బు తిరగబెడుతుందన్న భయం ఒకటి, ఆపకపోతే పిల్లలు కలగరేమో, కలిగినా ఏదైనా లోపంతో పుడతారేమోనన్న భయం ఇంకొకటి. వీటిలో కొన్నింటికి ఆధారం ఉంది, చాలావాటికి లేదు.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో ప్రతి 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడినవారే. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. బాధితుల్లో నూటికి 85 మందికి చికిత్సే అందడం లేదని కూడా అందులో తేలింది. అంటే మన దేశంలో డిప్రెషన్‌తో పాటు లైంగిక సమస్యలు అనుభవిస్తున్నవారిలో అత్యధికులు ఒక్క మాత్ర కూడా మింగి ఎరుగనివారే. మందుల గురించి మాట్లాడే ముందు జబ్బు గురించి మాట్లాడుకోవలసింది ఇందుకే.

జబ్బు చేసే చేటు

లైంగిక స్పందనను వైద్యులు దశలుగా విడదీసి చూస్తారు. అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1966లో ప్రచురించిన పరిశోధన శరీరంలో కలిగే మార్పులను ఉద్రేకం నుంచి భావప్రాప్తి వరకు, ఆ తరువాతి విశ్రాంతి వరకు క్రమంలో వర్ణించింది. వీటన్నిటికంటే ముందు కోరిక అనే దశ ఉందని 1970లలో హెలెన్ సింగర్ కప్లాన్ చేర్చింది. డిప్రెషన్ మొదట దెబ్బతీసేది ఆ కోరికనే. ఏ పనిలోనూ ఆనందం దొరక్కపోవడం ఈ జబ్బు ముఖ్య లక్షణం. ఇష్టమైన పాట, మనవడి మాటలు, పండగ వంట ఏవీ పట్టనట్టే దాంపత్య సుఖం కూడా పట్టదు. మెదడులో డోపమిన్ ఆధారంగా నడిచే ఆనంద వలయం మందగించడం దీనికి ఒక కారణం. దీర్ఘకాలపు మానసిక ఒత్తిడి వల్ల కార్టిసోల్ పెరిగి, లైంగిక హార్మోన్లను నియంత్రించే గ్రంథుల పని తగ్గడం మరో కారణం.

కోరిక తగ్గాక మిగతావి దాని వెంట తగ్గుతాయి. పురుషుల్లో అంగస్తంభన నిలవదు, స్త్రీలలో తడి చేరక కలయిక నొప్పిగా మారుతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో యువతీయువకులను ఏళ్ళ తరబడి అనుసరించి చేసిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవారిలో లైంగిక సమస్యలు మిగిలినవారితో పోలిస్తే సుమారు రెట్టింపు కనిపించాయి.

ఇది రెండువైపులా తిరిగే బాట. లైంగిక వైఫల్యం కూడా మనిషిని కుంగదీస్తుంది. ఒకసారి స్తంభన విఫలమైనవాడు మరుసటి రాత్రికి ముందే భయపడతాడు, ఆ భయమే మళ్ళీ విఫలం చేస్తుంది. మన ఊళ్ళలో బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’కు శాశ్వత చికిత్స అని రాసే ప్రకటనలకు గిరాకీ ఇక్కడి నుంచే పుడుతుంది. వీర్యం పోతే బలం పోతుందన్న నమ్మకంతో నీరసం, దిగులు, నిద్రలేమి పెంచుకునే యువకుల స్థితికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇలా వచ్చేవారిలో చాలామందికి అసలు జబ్బు డిప్రెషనే. దానికి చికిత్స చేస్తే ‘బలహీనత’ చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి తెలియక నకిలీ వైద్యుల దగ్గర డబ్బూ కాలమూ పోగొట్టుకుంటున్న యువకులు మన మధ్య నేటికీ ఉండటం నిజంగా బాధాకరం.

స్త్రీల విషయంలో ఇది ఇంకా లోపల దాగి ఉంటుంది. ఇష్టం లేకపోయినా భర్త నొచ్చుకుంటాడనో, గొడవ అవుతుందనో ఒప్పుకునేవారు చాలామంది. బయటికి చెప్పేది ఒళ్ళునొప్పులు, తలనొప్పి, నీరసం. కుటుంబంలో ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కించరు.

అడిగితేనే తెలిసే ఇబ్బంది

డిప్రెషన్ మందులు 1950లలో వచ్చాయి. క్షయ రోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ వారిలో ఉత్సాహం పెంచడం వైద్యుల కంట పడింది. 1957లో స్విస్ వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ గుణాన్ని ప్రకటించాడు. 1987 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూఆక్సెటిన్‌తో ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అనే, సెరొటోనిన్‌పై పనిచేసే కొత్త తరం మందుల యుగం మొదలైంది. పాతవాటితో పోలిస్తే ఇవి గుండెకు సురక్షితమైనవి, మోతాదు మించినా ప్రాణం తీసే ప్రమాదం తక్కువ. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ ఈ కుటుంబానివే.

తొలినాటి ప్రయోగాల్లో వీటి లైంగిక దుష్ఫలితాలు చాలా అరుదని నమోదయ్యాయి. రోగి తనంతట తాను చెబితేనే రాసుకోవడం ఇందుకు కారణం. స్పెయిన్‌లో మాంటెహో బృందం 344 మందిని పరిశీలించి 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ లోపాన్ని బయటపెట్టింది. తమంతట తాము ఇబ్బంది చెప్పినవారు నూటికి 14 మందే, సూటిగా అడిగినప్పుడు అవునన్నవారు 58 మంది. అదే బృందం 2001లో 1,022 మందిపై ప్రచురించిన ఫలితాల్లోనూ మొత్తంగా 59 శాతం మందికి ఏదో ఒక లైంగిక ఇబ్బంది కనిపించింది.

ఈ తేడా ఎలా వస్తుందో ఏదైనా ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం ఓపీలో కాసేపు నిలబడితే అర్థమవుతుంది. డాక్టరు ముందు బల్ల, బల్ల పక్కన స్టూలు, స్టూలు మీద రోగి, వెనక తోడొచ్చిన తల్లో అన్నో, ఆ వెనక తలుపు దాకా క్యూ. ‘నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా? ఏడుపు తగ్గిందా?’ అని అడిగితే ‘పర్లేదండి’ అంటాడు. నాలుగో ప్రశ్నకు ఆ గదిలో చోటు లేదు. వాడుకలో ఉన్న ప్రశ్నావళులు కూడా దీన్ని సరిగా పట్టుకోవు. ప్రపంచమంతటా డిప్రెషన్‌ను కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కటీ లైంగికాసక్తి గురించి కాదు. 1960 నాటి హామిల్టన్ కొలబద్దలో, బెక్ ప్రశ్నావళిలో మాత్రం ఆ అంశం ఉంది. చికిత్స మొదలుపెట్టే రోజునే ‘కోరిక ఎలా ఉంది, కలయికలో ఇబ్బంది ఉందా’ అని అడిగి రాసుకున్న డాక్టరుకు, నెల తరువాత వచ్చిన మార్పు జబ్బుదా మందుదా అని తేల్చడం సులువవుతుంది. ముందు అడగనివారికి ఆ వీలుండదు.

అడగనందువల్ల జరిగే నష్టం పెద్దది. ఇబ్బంది పడిన రోగి ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేస్తాడు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు తల జిల్లుమనడం, చికాకు, నిద్రపట్టకపోవడం వస్తాయి. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. ఇంట్లోవాళ్ళు ‘మందు పనిచేయలేదు’ అనుకుంటారు.

మందులు పనిచేసే తీరు

ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు నాడీకణాల మధ్య సెరొటోనిన్ నిల్వను పెంచుతాయి. దిగులు తగ్గేది దాంతోనే. కానీ మెదడులో, వెన్నుపాములో కొన్నిచోట్ల సెరొటోనిన్ పెరిగితే లైంగిక స్పందనకు కళ్ళెం పడుతుంది. ముఖ్యంగా 5హెచ్‌టీ2 రకం గ్రాహకాల మీద దాని ప్రభావం డోపమిన్ విడుదలను తగ్గిస్తుంది, స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుంది. కొందరిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా పెరిగి కోరికను ఇంకా కుంగదీస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది స్ఖలనం లేదా భావప్రాప్తి ఆలస్యం కావడం, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోవడం. మామూలుగా దిగులు తగ్గడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈ ఇబ్బంది మాత్రం తొలి రెండు వారాల్లోనే మొదలవుతుంది. మేలు ఇంకా కనబడకుండానే కీడు ముందుకొస్తుంది కాబట్టి ఆ తొలి నెలలోనే చాలామంది మందు మానేస్తారు.

ఇదే గుణాన్ని వైద్యం మందుగా కూడా వాడుకుంది. శీఘ్రస్ఖలనానికి పారాక్సెటిన్ వంటివి పనికొస్తాయి. వేగంగా శరీరంలో చేరి వేగంగా వెళ్ళిపోయే డపాక్సెటిన్‌ను ఆ అవసరానికే 2009లో ఫిన్లాండ్, స్వీడన్ అనుమతించాయి. అది మన దేశంలోనూ దొరుకుతుంది.

మందులన్నీ ఒకేలా ఇబ్బంది పెట్టవు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, వెన్లాఫాక్సిన్, పాతవాటిలో క్లోమిప్రమిన్ ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. పైన చెప్పిన 2001 అధ్యయనంలో పారాక్సెటిన్ వాడినవారిలో సుమారు 71 శాతానికి, మిర్టజపిన్ వాడినవారిలో 24 శాతానికి ఇబ్బంది కనిపించింది. మిర్టజపిన్ 5హెచ్‌టీ2 గ్రాహకాలను అడ్డుకుంటుంది కాబట్టి లైంగికంగా నయం, కానీ నిద్రమత్తు, బరువు పెంచుతుంది. డోపమిన్, నోరెపినెఫ్రిన్‌లపై పనిచేసే బుప్రోపియాన్ లైంగిక శక్తిని దాదాపు దెబ్బతీయదు. మూర్ఛ ఉన్నవారికి మాత్రం అది పనికిరాదు. అగోమెలాటిన్, తక్కువ మోతాదులో వోర్టియాక్సెటిన్ కూడా నయమైనవే. అగోమెలాటిన్ వాడేవారికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. ట్రాజొడోన్‌తో అరుదుగా నొప్పితో కూడిన స్తంభన గంటల తరబడి తగ్గకుండా ఉండవచ్చు. నాలుగు గంటలు దాటితే అది అత్యవసర చికిత్స కావలసిన స్థితి.

ఇబ్బంది వచ్చినప్పుడు

మొదట చూడవలసింది ఇతర కారణాలు. మధుమేహం, బీపీ, బీపీకి వాడే కొన్ని మందులు, థైరాయిడ్ లోపం, మద్యం లైంగిక శక్తిని విడివిడిగానే దెబ్బతీస్తాయి. నలభై దాటిన మగవారిలో ఇవి తరచూ డిప్రెషన్‌తో కలిసే ఉంటాయి. భార్యాభర్తల మధ్య మాటలు తెగిపోయి ఉంటే ఏ మాత్ర మార్చినా ఫలితం ఉండదు.

ఆ తరువాతి మార్గాలు డాక్టరు ఎదుట నిర్ణయించుకోవలసినవి. కొందరిలో కొన్ని నెలలు వేచి చూస్తే శరీరం అలవాటు పడుతుంది, అయితే వారి సంఖ్య తక్కువ. మోతాదు తగ్గించడం, బుప్రోపియాన్ జోడించడం, నయమైన మందుకు మార్చడం మరికొన్ని మార్గాలు. పురుషుల్లో స్తంభన సమస్యకు సిల్డెనాఫిల్ ఉపయోగపడుతుందని అమెరికాలో 90 మందిపై జరిగి 2003లో వెలువడిన ప్రయోగం చూపింది. సిల్డెనాఫిల్ తీసుకున్నవారిలో సగానికి పైగా బాగా మెరుగుపడితే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి నలుగురైదుగురే మెరుగుపడ్డారు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని ముట్టకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. సెర్ట్రలిన్, పారాక్సెటిన్ వాడేవారిలో వారాంతం మాత్ర మానితే ఇబ్బంది తగ్గుతుందని 1995లో ఒక చిన్న అధ్యయనం చూపింది. శరీరంలో వారాల తరబడి నిలిచే ఫ్లూఆక్సెటిన్‌తో ఈ కిటుకు ఫలించలేదు. మాత్రలు మానడం అలవాటైతే మొత్తానికే మానేసే ప్రమాదం ఉంది కాబట్టి నేడు ఎక్కువమంది వైద్యులు దీన్ని సిఫారసు చేయరు. తేలికపాటి డిప్రెషన్‌కు మందు లేకుండా కౌన్సెలింగ్, ఆలోచనల తీరును సరిదిద్దే చికిత్సలు పనిచేస్తాయి, వాటికి ఈ దుష్ఫలితమే లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ-మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడే కౌన్సెలర్లు దొరుకుతారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకు రుసుము లేదు, ఎదుట ఎవరూ ఉండరు కాబట్టి ఓపీలో నోరు పెగలని మాట ఇక్కడ చెప్పుకోవచ్చు.

ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోరిక తగ్గిందని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే యువకులు పెరుగుతున్నారు. బయటి నుంచి ఆ హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు ఆదేశాలివ్వడం ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ తగ్గిపోయి ఒక్కోసారి సున్నాకు చేరుతుంది. పిల్లలు కావాలనుకునేవారికి ఇది నేరుగా చేటు.

మందు ఆపిన తరువాత కూడా కొందరిలో లైంగిక స్పందన తిరిగి రాకపోవడం, జననాంగాల్లో స్పర్శ మొద్దుబారడం కనిపిస్తున్నాయి. ఈ ఫిర్యాదులను చాలా ఏళ్ళు మానసిక భ్రమలని కొట్టిపారేశారు. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఎస్‌ఎస్‌ఆర్‌ఐల, వాటి దగ్గరి కుటుంబపు మందుల సమాచార పత్రాల్లో ఈ హెచ్చరిక చేర్చాలని సూచించింది. ఇది ఎంతమందికి వస్తుందన్నదీ, ఎందుకు వస్తుందన్నదీ ఇంకా పరిశోధనలోనే ఉంది. రోగి చెప్పింది నమ్మి వినడం వైద్యుడి కనీస బాధ్యత.

మగవారిలో సంతాన సామర్థ్యం

స్ఖలనం ఆలస్యమైనా ఆగిపోయినా గర్భం రావడం సహజంగానే కష్టమవుతుంది. అంతకు మించి వీర్యకణాల నాణ్యతపైనా మందు ప్రభావం ఉండవచ్చు. అమెరికాలో 35 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఐదు వారాలు పారాక్సెటిన్ ఇచ్చి చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వీర్యకణాల సంఖ్య, కదలిక, ఆకారం మారలేదు. కానీ డీఎన్ఏ తెగిన కణాల శాతం సగటున 13.8 నుంచి 30.3కు పెరిగింది. మందు ఆపాక తిరిగి మామూలు స్థితికి వచ్చింది. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఐదు వారాల్లోనే మార్పు కనిపించిందంటే తయారీలో కంటే కణాలు నాళాల్లో ప్రయాణించే దశలోనే ఇబ్బంది ఉందని పరిశోధకులు భావించారు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ల్యాబులో చేసే మామూలు వీర్య పరీక్షలో ఈ లోపం బయటపడదు. మందు వాడుతున్న భర్త రిపోర్టు ‘నార్మల్’ అని వచ్చి, ఏళ్ళు గడిచినా గర్భం రాకపోతే డీఎన్ఏ పరీక్ష గురించి అడగడం సబబు.

అలాగని మందుదే నేరమని తేల్చలేం. 2018లో అమెరికాలో సంతానలేమికి చికిత్స పొందుతున్న దంపతుల వివరాలు విశ్లేషించినప్పుడు, భర్తకు తీవ్ర డిప్రెషన్ ఉన్న జంటల్లో గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువగా కనిపించింది. డిప్రెషన్ లేని పురుషుల జంటల్లో దాదాపు నాలుగో వంతుకు బిడ్డ పుడితే, తీవ్ర డిప్రెషన్ ఉన్న 34 మంది జంటల్లో ముగ్గురికే పుట్టింది. సంఖ్య చిన్నది, తుది తీర్పు చెప్పడానికి చాలదు. అయినా పిల్లలు లేరంటే భార్యనే ఆసుపత్రుల చుట్టూ తిప్పే మన కుటుంబాలకు ఈ ఫలితం తెలియాలి.

ఆడవారిలో

తీవ్రమైన మానసిక ఒత్తిడి మెదడులోని హైపోథాలమస్ నుంచి వెలువడే హార్మోన్ సంకేతాలను తగ్గిస్తుంది. నెలసరి గతి తప్పవచ్చు, అండం విడుదల కాకపోవచ్చు. 2016లో ఉత్తర అమెరికాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలపై వెలువడిన ఒక అధ్యయనంలో, తీవ్ర డిప్రెషన్ లక్షణాలున్నవారికి ఏదైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం మిగిలినవారికంటే 38 శాతం తక్కువగా కనిపించింది. వారు మందులు వాడుతున్నా వాడకపోయినా ఇది పెద్దగా మారలేదు. మందు వల్లే అవకాశం తగ్గిందని చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. జబ్బు తీవ్రతను, మందును విడదీయడం కష్టం కావడమే ఈ తేడాలకు మూలం. పైన చెప్పిన 2018 విశ్లేషణలో భార్య డిప్రెషన్‌కు, బిడ్డ పుట్టడానికి సంబంధం కనబడలేదు. అందులోనే, ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడినవారిలో తొలి నెలల గర్భస్రావం పెరగలేదు, ఇతర రకాల డిప్రెషన్ మందులు వాడినవారిలో మాత్రం ఎక్కువగా కనిపించింది.

సంతానలేమి తానే డిప్రెషన్‌కు కారణం కావడం మనకు కొత్త కాదు. ప్రతి నెలా నెలసరి వచ్చినప్పుడు ఆశ ఒకసారి కూలుతుంది. సీమంతాలకు పిలవని బంధువులు, ‘విశేషం ఏమైనా ఉందా’ అని అడిగే పెద్దలు, ఐవీఎఫ్‌కు తెచ్చిన అప్పు అన్నీ ఆ భారానికి తోడవుతాయి. ఇంజెక్షన్ల ప్రకారం, క్యాలెండరు ప్రకారం కలవవలసి వచ్చినప్పుడు దంపతుల మధ్య కోరిక కూడా మిగలదు. సంతాన సాఫల్య కేంద్రాల్లో మానసిక పరీక్ష తొలి రోజునే జరగాలి.

గర్భానికి ముందు, తరువాత

గర్భం అనుకుంటున్న స్త్రీ మందు గురించి ముందే మాట్లాడుకోవడం మేలు, పరీక్షలో రెండు గీతలు కనబడ్డాక కంగారుగా మానేయడం చేటు. డిప్రెషన్ అదుపులో ఉన్న గర్భిణుల్లో మందు ఆపినవారిలో 68 శాతానికి, కొనసాగించినవారిలో 26 శాతానికి జబ్బు తిరగబెట్టినట్టు 2006లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం చూపింది. తల్లి డిప్రెషన్ వల్ల తిండి, నిద్ర చెడి, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు పెరుగుతుంది.

పారాక్సెటిన్ తొలి మూడు నెలల్లో వాడితే శిశువు గుండెలో లోపాలు కొద్దిగా పెరగవచ్చని 2005లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అందుకే గర్భం ప్లాను చేసుకునేవారికి దాన్ని సాధారణంగా ఎంచుకోరు. చివరి నెలల్లో ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడిన తల్లుల శిశువుల్లో కొందరికి పుట్టిన తొలి రోజుల్లో వణుకు, చికాకు, పాలు తాగలేకపోవడం ఉంటాయి. చాలావరకు కొన్ని రోజుల్లో అవే తగ్గుతాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే అరుదైన సమస్య వెయ్యి కాన్పుల్లో సుమారు రెండు నుంచి మూడుకు పెరగవచ్చు. బైపోలార్ జబ్బులో వచ్చే డిప్రెషన్ సంగతి వేరు. అందులో వాడే వాల్‌ప్రొయేట్ శిశువుకు తీవ్రమైన హాని చేస్తుంది, గర్భంలో దానికి గురైన ప్రతి పదిమంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతో లోపం ఉంటుంది. పెళ్ళికావలసిన యువతికి, పిల్లలు కావాలనుకునే స్త్రీకి దాన్ని రాసే ముందు ఈ మాట చెప్పి తీరాలి. పెళ్ళి సంబంధం చెడుతుందని అత్తింట్లో మాత్రలు దాచుకుని వాడే అమ్మాయిలకు ఆ మాట చాలాసార్లు చేరదు.

పాలిచ్చే తల్లులకు వైద్యులు ఎక్కువగా సెర్ట్రలిన్ రాస్తారు. అది పాలలోకి చేరేది స్వల్పం, శిశువు రక్తంలో తరచూ కొలతకు అందనంత తక్కువగా ఉంటుంది. కాన్పు తరువాత కొన్ని నెలలపాటు కోరిక తగ్గడం, ప్రొలాక్టిన్ పెరిగి ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల యోని పొడిబారడం పాలిచ్చే తల్లుల్లో సహజమే, అది మందు దోషం కాకపోవచ్చు. ఏడుపు, నిద్రలేమి, బిడ్డ మీద మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్‌ను అనుమానించి డాక్టరుకు చూపించాలి.